విమానం దింపిన ముకద్దం

మా ముకద్దం పోయాడు. కబురు తెచ్చినవాడు పేరు చెప్పలేదు. "ఇమానం మామ పొయ్యిండు" అన్నాడు. కామాటిపురాలో తెలుగువాళ్ళుండే చాళ్లలో, ఆ వరసగదుల మేడల్లో, ఆ మాట చాలు, ఎవరో తెలిసిపోతుంది. నేనూ ఆయన పేరు చెప్పను. బతికినన్నాళ్ళూ తన పేరు తానే కావలసినంత చెప్పుకున్నాడు.

పోయినవాళ్ళ గురించి మంచి మాట ఒకటైనా అనాలి కాబట్టి ఆలోచించాను. మనిషి శుభ్రంగా ఉండేవాడు. గోళ్ళు ఎప్పుడూ కత్తిరించుకునేవాడు. మట్టి ముట్టని చేతులకు అదేమంత కష్టం కాదు.

ముకద్దం అంటే కూలీల మీద పెద్ద. ఊళ్ళనుంచి జనాన్ని తెచ్చి, గ్యాంగు కట్టి, కంట్రాక్టరుకు అప్పజెప్పి, పని దగ్గర నిలబడి అరిచే మనిషి. మా ముకద్దానికి అరవడం బాగా వచ్చు. తెల్లధోవతి, తలకు ఎర్ర రుమాలు, కాళ్ళకు కిర్రుచెప్పులు. మెట్లు దిగుతుంటే మూడంతస్తులకూ వినబడేది. అప్పట్లో నేను ఆ రోడ్డుపని దగ్గర స్టోర్ కీపర్ని. కంపెనీ నాకు లేసుల బూట్లిచ్చింది. సైట్లో బూట్లున్నవాళ్ళం ఇద్దరమే, ఇంజనీరూ నేనూ. దానికే కడుపు మండి ఆయన ఆ కిర్రుచెప్పులు కుట్టించుకున్నాడని నా అనుమానం.

మా చాళ్ మూడో అంతస్తు గ్యాలరీలో ఆయన ఇనపకుర్చీ ఉండేది, అందరి దారికీ అడ్డంగా. బిందెలతో వచ్చే ఆడవాళ్ళు పక్కకు ఒరిగి పోవాలి గానీ కుర్చీ జరగదు. సాయంత్రం అందులో కూర్చుని చాయ్ తాగేవాడు. శాంతాక్రజ్ విమానాశ్రయం వైపు వెళ్ళే విమానం ఏదైనా మీదుగా వచ్చిందంటే గ్లాసు కింద పెట్టేవాడు. తల పైకెత్తి, కుడిచెయ్యి కొంచెం లేపి, రెండు వేళ్ళు ముందుకు ఆడించేవాడు, ఇక పొమ్మన్నట్టు. అది పోయేది. అప్పుడు గ్లాసు తీసుకునేవాడు. ఇన్నేళ్ళలో ఒక్క విమానం కూడా ఆయన మాట కాదనలేదు.

"నేనుంటి గన్క" అనేది ఆయన ఊతపదం. కుళాయిలో నీళ్ళు అరగంట ఎక్కువ వచ్చాయా, నేనుంటి గన్క. పక్క ఒంటిగది ఖోలీలో పిల్లకు జ్వరం తగ్గిందా, పొద్దున తాను తొంగి చూశాడు గన్క. ఒకసారి గణపతి నిమజ్జనం రోజున వాన ఆగింది. అందరూ ఆకాశం వైపు చూస్తుంటే ఈయన అందరి వైపూ చూశాడు, ఎవరైనా అడుగుతారేమోనని.

ఇక విమానం కథ. కొత్తగా ఎవరు చాళ్‌కు వచ్చినా ఆ కథ విన్నాకే వాళ్ళకు చాయ్ దక్కేది.

"ఇమానం గిట్ల గిట్ల ఊగుతుంది. లోపలున్నోడు ఏడుస్తుండు. నేను రుమాల ఇప్పిన. రోడ్డు నడిమిట్ల నిలవడ్డ. ఆజావ్, ఆజావ్, డరో మత్ అన్న. ముందుగాల ముక్కు లేపు అన్న. లేపిండు. తోక దించు అన్న. దించిండు."

ఇది చెప్పేటప్పుడు రెండు చేతులూ తలమీదికెత్తి, అరచేతులు కిందికి తిప్పి, మెల్లగా, మెల్లగా మోకాళ్ళ దాకా దించేవాడు. అక్కడ ఒక్క క్షణం ఆగేవాడు. విమానం నేలను తాకడానికి ఆ క్షణం. తర్వాత రుమాలు తీసి గ్రీజు మరక చూపించేవాడు. "ఇమానం నూనె" అనేవాడు. అది విమానం నూనె కాదు, టాంకరు అడుగున ఉండే గ్రీజు. ఎంత ఉతికినా పోదు, నాకు తెలుసు.

ఏటేటా కథ కొత్త చిగుళ్ళు వేసేది. మొదటి ఏడు పైలట్ ఆయన చేతులు పట్టుకున్నాడు. మరుసటి ఏడు కాళ్ళు పట్టుకున్నాడు. ఆ తర్వాత తనతో వచ్చేయమన్నాడు, నెలజీతం, బంగళా. దాదర్‌లో మన తెలుగువాళ్ళ సభ ఒకదానిలో ఆయనకు శాలువా కూడా కప్పారు. మాట్లాడమంటే మైకు ముందు నిలబడి చేతులు పైకెత్తాడు. మైకుస్టాండు పడిపోయింది. "ఇమానం దింపిన చేతులు, గిదెంత?" అన్నాడు. సభంతా చప్పట్లు. నేను మూడో వరసలో ఉన్నాను. నేనూ కొట్టాను.

జరిగిందేమిటో నాకు తెలుసు.

మిల్లులు మూతబడ్డ మరుసటి ఏడు అది. ఖాడీ అనే సముద్రపు పాయ అవతల కొత్త నగరం లేస్తోంది. ఉప్పుమళ్ళ పక్కనుంచి కాంక్రీటు రోడ్డు వేస్తున్నారు. రోజూ పొద్దున్నే ఫాక్‌లాండ్ రోడ్డు మూలన లారీ ఆగేది. కామాటిపురా వాళ్ళం కొందరం, పాలమూరు నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువమంది, అందులో ఎక్కేవాళ్ళం. గ్యాంగులో ఉన్నవాళ్ళ కోసం లారీ ఆగుతుంది. గ్యాంగులో లేనివాళ్ళు నాకా కూడలిలో నిలబడి, ఎవరైనా పనికి పిలుస్తారేమోనని ఎదురుచూడాలి. తేడా చిన్నదిగానే కనిపిస్తుంది, లారీలో ఉన్నవాళ్ళకు.

ఆ గ్యాంగులో బాలమ్మ అని ఒకామె ఉండేది. పాలమూరు మనిషి, ముప్ఫై అయిదేళ్ళుంటాయి. భర్తకు నడుము పట్టేసి మంచం దిగలేడు. ఆమె లారీ ఎక్కితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది.

కాంక్రీటు పోశాక కొన్నాళ్ళు దాన్ని ఆరనివ్వకూడదు, బీటలు వారుతుంది. అందుకని పలక మీద బంకమట్టితో చిన్న గట్లు వేసి, గళ్ళుగళ్ళుగా చేసి, నీళ్ళు నిలబెడతారు. పాలమూరు ఆడవాళ్ళకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. ఊళ్ళో వరిమడికి గట్టు పెట్టిన చేతులే. "రోడ్డుకు నీళ్ళు గడుతున్నం" అనేవాళ్ళు. బాలమ్మ పెట్టిన గట్టునుంచి చుక్క కారేది కాదు.

ఆ రోజు ఢిల్లీ నుంచి పెద్ద సాహెబు విమానంలో వస్తున్నాడనీ, మధ్యాహ్నం రోడ్డు చూస్తాడనీ కబురు. ముకద్దం పొద్దున ఫాక్‌లాండ్ రోడ్డులోనే లావుపాటి బంతిపూల దండ కొన్నాడు. నీళ్ళ టాంకరు అద్దానికి తగిలించి, గంటకోసారి దాని మీద నీళ్ళు చిలకరించాడు. పని మీద కన్నా దండ మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాడు.

పది గంటలప్పుడు చిన్న విమానం ఒకటి వచ్చింది. ఉప్పుమళ్ళ మీదుగా ఒక చుట్టు చుట్టింది. మళ్ళీ చుట్టింది, ఇంకా కిందికి. ముకద్దం మొహం వెలిగిపోయింది.

"సాహెబ్ పైకెల్లే జూస్తుండు. నీళ్ళు నిండుగ కనవడాలె. పైపు ఇడువురి."

అందరం నమ్మాం. ఢిల్లీ నుంచి వచ్చే సాహెబు శాంతాక్రజ్‌లో దిగి కారులో వస్తాడని ఒక్కడికీ తట్టలేదు. నాలుగు తరాలుగా ఈ ఊరికి రోడ్లు వేస్తున్నవాళ్ళం. రోడ్డంటే సాహెబు వస్తాడు, సాహెబు వస్తే వరసలో నిలబడాలి. మా ఒంట్లో అంతకుమించి ఇంకేమీ లేదు. మెట్రిక్ పాసైన నేను కూడా చొక్కా లోపలికి దోపుకున్నాను. ఆడవాళ్ళు తట్టలు దించి రోడ్డు పక్కన వరస కట్టారు. టాంకరు నీళ్ళతో గళ్ళన్నీ అంచులదాకా నిండాయి. ముకద్దం దండ పట్టుకొని ముందు నిలబడి ఆకాశానికి నమస్కారం పెట్టాడు.

అప్పుడు బాలమ్మ అంది, "సప్పుడు బందయ్యింది."

నిజమే. విమానం ఉంది, చప్పుడు లేదు.

"బాయికాడ మోటరు బందయినట్టు బందయ్యింది. గిది దిగుడు గాదు సారూ, పడుడు." నాతోనే అంది, నేను పక్కనే ఉన్నాను. ఆమె రోడ్డు ఆ చివరనుంచి ఈ చివరదాకా చూసింది. అటు పొడుగునా ఆరిన రోడ్డు, ఇటు చివర నాలుగు రోజుల కింద పోసిన పలక, దాని మీద గట్లు, నీళ్ళు. పరుగెత్తుకొచ్చే చిన్న చక్రం ఆ గట్టుకు తగిలితే ఏమవుతుందో ఆమెకు తెలిసింది. పార అందుకుంది. మొదటి గట్టు తెంచింది.

ముకద్దం తిరిగి చూశాడు. "ఏయ్ బాలీ, పాగల్ అయినవా? సాహెబ్ జూస్తుండు. ఇంకొక గట్టు దెంపుతే గ్యాంగుల ఉండవ్, జెప్తున్న."

ఆమె వినబడనట్టే రెండోది తెంచింది. మూడోది తెంచింది. నీళ్ళు రోడ్డు పక్కలకు జారాయి. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు తట్టలు పారేసి వచ్చి, మట్టిని కాళ్ళతో పక్కకు తోశారు. అడ్డంగా ఒక డ్రమ్ము ఉంటే బాలమ్మ దాన్ని టాంకరు వెనక్కి దొర్లించి, పరుగున మళ్ళీ వచ్చి పార పట్టుకుంది. ఆమె ఇంకా డ్రమ్ము దొర్లిస్తుండగానే విమానం మలుపు తిరిగి ముక్కు సూటిగా మావైపు పెట్టింది.

అప్పుడు ముకద్దానికి తెలిసింది అది సాహెబు కాదని. మిన్ను విరిగి మీద పడుతుంటే ఆ మనిషి ఏం చేశాడో చెబుతాను. దండతో సహా టాంకరు కిందికి దూరాడు. వెనక టైర్ల మధ్య బోర్లా పడుకొని, మొహం బంతిపూలలో పెట్టి, ఊళ్ళో ఉన్న దేవతలందరినీ ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచాడు. ఎల్లమ్మకు మేకను మొక్కాడు. మైసమ్మకు మేకను మొక్కాడు. పోచమ్మ దగ్గరికి వచ్చేసరికి కోడికి దిగాడు. అంత భయంలోనూ బేరం మరచిపోలేదు.

విమానం దిగింది. మూడు చిన్న చక్రాలు. ముందు ఎక్కడో దూరంగా దుమ్ము, తర్వాత టపటపమని శబ్దం, తర్వాత చక్రాలు పెద్దవవుతూ వచ్చాయి. రోడ్డు మధ్య బాలమ్మ పాదాలు, పార కొన. పాదాలు ఆఖరి గట్టు దగ్గర ఇంకా కదులుతున్నాయి. మట్టి ఎగిరింది. పాదాలు పక్కకు దూకాయి. చక్రాలు తడి మీద జర్రున జారుకుంటూ, ఆమె తెంచిన గట్ల మధ్యనుంచి, టాంకరు పక్కగా పోయి, ఇసుక కుప్పలోకి పొడుచుకొని ఆగాయి.

ఆ తర్వాత జనం వచ్చారు. ఎక్కడినుంచి వస్తారో తెలియదు, ఉప్పుమళ్ళలోంచి మొలిచినట్టు వస్తారు. లారీలు ఆగాయి. చేపలబుట్టలతో కోలీ ఆడవాళ్ళు వచ్చారు. ఒకడు రెక్కను వేళ్ళతో కొట్టి "రేకే" అన్నాడు, మోసం బయటపెట్టినట్టు. ఇంకొకడు టైరు తన్ని చూశాడు. నలుగురు వెనక చేరి, తోసి స్టార్ట్ చేద్దామన్నారు. ఎవరో ముక్కు మీద కుంకుమ పెట్టి, కొత్త బండికి కొట్టినట్టు కొబ్బరికాయ కొట్టారు. పది నిమిషాల్లో కుల్ఫీవాడు కూడా దిగాడు. విమానంలోంచి దిగిన ఇద్దరు మాత్రం రోడ్డు పక్కన మట్టిలో కూర్చుని వణుకుతున్నారు. ఒకాయన నెరిసిన మీసాల పెద్దాయన, నేర్పేవాడు. రెండో ఆయన నేర్చుకునేవాడు. ఇన్ని వందలమందిలో వాళ్ళకు మంచినీళ్ళు తెచ్చింది ఒక్క బాలమ్మే.

పెద్దాయన నీళ్ళు తాగి, లేచి నిలబడి అడిగాడు. "పానీ కిస్నే నికాలా?" నీళ్ళు తీసిందెవరని. పైనుంచి ఆయనకు రోడ్డు చివర నీళ్ళు అద్దాల్లా మెరుస్తూ కనబడ్డాయట. అక్కడే ప్రాణాలు పోతాయనుకున్నాడట. మళ్ళీ తిరిగేసరికి మధ్యలో దారి పడి ఉందట.

ముకద్దం అప్పటికి బయటికి వచ్చాడు. రుమాలు దులుపుకున్నాడు. జనాన్ని తోసుకొని ముందుకొచ్చి, "మైనే, సాబ్" అన్నాడు, తానేనని.

ఎంత సులువుగా అన్నాడంటే, ఒక్క క్షణం నాకే నిజమేనేమో అనిపించింది. పెద్దాయన ముకద్దం చేతులు రెండూ పట్టుకొని ఏడ్చాడు. ముకద్దం నలిగిన దండ ఆయన మెడలో వేశాడు. అప్పుడే, సాహెబు కోసం వచ్చిన పేపరువాడు ఒకడు ఫొటో తీశాడు. ఇప్పటికీ ఆ ఫొటో చూడండి, దండకు ఒక పక్కే పూలున్నాయి. రెండో పక్క పూలు టాంకరు కింద ఉండిపోయాయి.

బాలమ్మ ఖాళీ మగ్గు పట్టుకొని అక్కడే ఉంది. ఆమెకు హిందీ పెద్దగా రాదు గానీ ఆ రెండు ముక్కలకు అదేమంత అక్కర్లేదు. నావైపు చూసింది. నేను స్టోరు తాళాల కోసం జేబులు తడుముకున్నాను.

మరునాడు పొద్దున ఇంజనీరు వచ్చాడు. పెద్ద సాహెబు పర్యటన వాయిదా పడింది, పలక మీద మాత్రం పారగాట్లు పడ్డాయి, తడి ఆరిపోయింది. పైవాళ్ళకు జవాబు రాయాలి, ఎవరిదో ఒక పేరు కావాలి. గ్యాంగునంతా నిలబెట్టి అడిగాడు.

"పానీ కిస్నే నికాలా?"

అదే ప్రశ్న, అవే మూడు మాటలు. ముకద్దం ఈసారి చెయ్యి బాలమ్మ వైపు చాపాడు. "ఈ ఔరత్, సాబ్. మైనే మనా కియా థా." ఈ ఆడదే, తాను వద్దన్నాడట.

ఆ విమానం గురించి ఆయన జన్మలో చెప్పిన నిజం అదొక్కటే. అదీ తనకు పనికొచ్చే చోట చెప్పాడు.

నీళ్ళు తీయకపోతే విమానం బోల్తా కొట్టేదని ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఇంజనీరు చెడ్డవాడు కాదు. ఆ ముక్క చెప్పడానికి కావలసిన హిందీ నా దగ్గర ఉంది. కానీ నన్నెవరూ అడగలేదు. స్టోర్ కీపర్ని, నాకేం పని అనుకున్నాను. బాలమ్మను గ్యాంగులోంచి తీసేశారు. ఆ మరునాటినుంచి ఫాక్‌లాండ్ రోడ్డు మూలన లారీ ఎక్కుతూ చూస్తే, ఎదుటివైపు నాకాలో పార పట్టుకొని ఆమె నిలబడి ఉండేది. ఒక్కోరోజు మేం తిరిగొచ్చేసరికి కూడా అక్కడే ఉండేది. కొన్ని నెలలకు భర్తను ఊరికి పంపేసింది. మందులు కొనలేక పంపిందని విన్నాను. ఆయన మళ్ళీ రాలేదు.

ముకద్దం ఆమెకు ఎదురుపడితే ఏం చేసేవాడో చాలాసార్లు గమనించాను. ఏమీ చేసేవాడు కాదు. "బాగున్నవా బాలీ" అనేవాడు, నిజంగానే ప్రేమగా. మరచిపోయాడు. తాను అన్నదే జరిగిందని నమ్మేశాడు. అలాంటి మనిషి మీద ఉమ్మేయడానికి కూడా ఉండదు, తుడుచుకొని, నేనుంటి గన్క వాన పడ్డది అంటాడు.

పదో రోజు కర్మకు వెళ్ళాను. ఖోలీ చిన్నది, సగం జనం గ్యాలరీలోనే చాప మీద. గోడకు అదే పేపరు ఫొటో, పెద్దది చేయించి, ఈసారి రెండు పక్కలా పూలున్న దండ వేశారు. బూట్ల లేసులు విప్పి, గడప బయట పెట్టి లోపల కూర్చున్నాను. బాలమ్మ కూడా వచ్చింది. తలుపు పక్కన గోడకానుకొని కూర్చుంది, జుట్టు నెరిసింది. ముకద్దం అల్లుడు ఊరినుంచి వచ్చిన చుట్టాలకు కథ చెబుతున్నాడు. చేతులు తలమీదికెత్తి, మెల్లగా దించుతున్నాడు. ఆ దించడం అచ్చం మామదే. చూస్తూ చూస్తూ ఉండగా నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషి పోయినా ఈ చేతులు పోవా అనిపించింది.

"ఆపండి" అన్నాను. "ఆయన ఏ విమానాన్నీ దింపలేదు. టాంకరు కింద పడుకున్నాడు. ఎల్లమ్మకు మేక మొక్కి, పోచమ్మకు కోడి మొక్కి, మొహం దండలో దాచుకున్నాడు. గట్లు తెంచింది ఇదిగో, ఈ బాలమ్మ. మైనే అని చెప్పుకున్నది ఆయన. పని పోయింది ఈమెకు."

అల్లుడి చేతులు సగంలో ఆగాయి. ఆరేళ్ళ బరువు దిగిందనిపించింది, నిజం చెప్పాలంటే నా గొంతు నాకే బాగా వినిపించింది.

ముకద్దం భార్య మూలన కూర్చుని ఉంది. ఆమె నావైపు చూడలేదు. "బాలమ్మా" అంది. "నువ్వు సెప్పు. అయింది అయినట్టు సెప్పు. సారు అన్నది నిజమేనా?"

బాలమ్మ కొంగు సర్దుకుంది.

"నిజమే అక్కా. డ్రమ్ము ఎనక్కి దొబ్బుతుంటే టాంకరు కిందికెల్లి కాళ్ళు కనవడ్డయి. రెండు జతలు. ఒక జత కిర్రుచెప్పులు." గడప వైపు చూసింది. "ఇంకొక జత బూట్లు."

చెప్పులాయన పోయాడు. బూట్లు గడప బయట ఉన్నాయి. అందరికీ కనబడుతూనే ఉన్నాయి.

బాలమ్మ అప్పుడు నావైపు తిరిగింది. కోపమేమీ లేదు, లారీ వస్తుందా రాదా అని అడిగినట్టు అడిగింది.

"నువ్వు గిది జెప్తవని ఆరేండ్ల సంది సూస్తున్న సారూ. ఆయన సచ్చినంక జెప్తివి?"

నేను లేచి బయటికొచ్చాను. చెప్పులైతే కాళ్ళు దూర్చి పోవచ్చు. బూట్లు కదా, అందరి ముందూ గ్యాలరీలో ఆ ఇనపకుర్చీ పక్కన కూర్చుని, లేసులు కట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.